ఏం చేస్తుండగా వచ్చింది?

తలనొప్పి మీద ఉన్నన్ని జోకులు బహుశా ఇంకే జబ్బు మీదా ఉండవు. భర్త దగ్గరికి రాగానే భార్య 'ఇవాళ తలనొప్పిగా ఉందండీ' అంటుంది. కార్టూన్లలో చూశాం, సినిమాల్లో చూశాం, పెళ్లిళ్లలో బావల నోట విన్నాం. అందరూ నవ్వుతారు. ఆవిడకు నిజంగా తలనొప్పి లేదనీ, అదో సాకనీ అందరికీ ముందే తెలుసు కాబట్టి ఆ నవ్వు.

మరి నిజంగానే వస్తే? సరిగ్గా ఆ ఏకాంత సమయంలోనే, ఆ కారణంగానే వస్తే? పైగా అది ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువగా వస్తుందంటే నమ్ముతారా?

నమ్మక తప్పని పరిస్థితి మా ఇంట్లో వచ్చింది. ఇలాంటి విషయం ఆదివారం పూట ఇంటిల్లిపాదీ చదివే పుస్తకంలో రాయొచ్చా అని చాలా రోజులు ఆలోచించాను. 'రాయి. నాలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో! నా పేరు మాత్రం వద్దు' అన్నది మావారే.

ఆయనకు అప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్లు. బీపీ లేదు, షుగరు లేదు. సిగరెట్ అలవాటు లేదు. ఉన్నదల్లా డస్ట్ ఎలర్జీ. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, మేమిద్దరం ఏకాంతంగా ఉన్నప్పుడు, ఆయన ఒక్కసారిగా రెండు చేతులతో వెనక తల పట్టుకున్నారు. 'ఎవరో సుత్తితో కొట్టినట్టుంది' అన్నారు. ఆ తర్వాత మాట రాలేదు. నిమిషం తిరక్కుండానే వాంతి. ఆయనకు తలనొప్పులు కొత్త కాదు. ఆఫీసులో నెలాఖరు లెక్కలప్పుడు వస్తుంటాయి, టీ తాగితే పోతాయి. ఇది అలాంటిది కాదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

చప్పుడుకి అత్తయ్య లేచి వచ్చారు. చేతిలో అమృతాంజనం సీసా. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగిళ్లలో తలనొప్పికి అదే కదా మొదటి వైద్యం! నుదుటికి రాస్తూ 'ఏమైందమ్మా?' అన్నారు. ఏం చెప్పను? 'ఉన్నట్టుండి తలనొప్పి అత్తయ్యా.. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా' అన్నాను. పక్క ఫ్లాట్ వాళ్లను లేపి కారు అడిగితే 'ఇంత రాత్రి తలనొప్పికి ఆసుపత్రా?' అని ఆశ్చర్యపోయారు. అయినా మంచివాళ్లు, వచ్చారు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కుర్రాడు. ఇరవై ఆరో, ఏడో ఉంటాయేమో. బీపీ చూశాడు, కళ్లలోకి టార్చి వేశాడు, మెడ వంచి చూశాడు. అప్పుడడిగాడు, 'ఏం చేస్తుండగా వచ్చింది సర్?'

'టీవీ చూస్తున్నా' అన్నారు మావారు.

పక్కన నర్సు ఉంది. కారిచ్చిన పక్కింటాయన తెర అవతలే నిలబడి ఉన్నారు. నాకూ గొంతు పెగల్లేదు ఒక క్షణం. కానీ ఆ కుర్రాడు ఆ ప్రశ్న ఊరికే అడగలేదనిపించింది. 'కాదండీ.. మేమిద్దరం కలిసి ఉన్నప్పుడు వచ్చింది. సరిగ్గా ఆఖర్లో' అన్నాను. డాక్టరు నవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. కాగితం మీద రాసుకుని 'ఎన్ని సెకన్లలో ఆ నొప్పి తారస్థాయికి వెళ్లింది?' అని అడిగాడు. ఆ మాటతో మా ఇద్దరి సిగ్గూ సగం పోయింది.

పది నిమిషాల్లో సీటీ స్కాన్‌కు పంపించారు. దాంతోపాటే మెదడు రక్తనాళాలు కనిపించే యాంజియోగ్రామూ తీశారు. రెండూ మామూలుగానే ఉన్నాయి. తెల్లవారేసరికి నొప్పి తగ్గింది. న్యూరాలజిస్టు వచ్చి కూర్చుని మాకు చెప్పిన పాఠం, ఆ తర్వాత నేను ఆఫీసులో కూర్చుని చదువుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతాను.

పేరున్న జబ్బే!

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు జేమ్స్ లాన్స్ 1976లోనే ఇలాంటి 21 మంది గురించి వైద్య పత్రికలో రాశారు. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి ప్రత్యేకంగా ఒక గడే ఉంది. డెన్మార్క్‌లో మామూలు జనంలో చేసి 1992లో ప్రచురించిన సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తలనొప్పి వచ్చినవాళ్లు దాదాపు నూటికి ఒకరు. వందమంది ఉన్న అపార్ట్‌మెంట్లో ఒకరన్నమాట! ఆ ఒకరు ఎవరికీ చెప్పరు కాబట్టి మనకు తెలియదు.

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది మెల్లగా మొదలవుతుంది. ఉద్రేకం పెరుగుతున్న కొద్దీ తల వెనకా మెడా బిగుసుకుపోతున్నట్టు మొద్దు నొప్పి పెరుగుతూ వస్తుంది. మధ్యలో ఆగిపోతే తగ్గుతుంది కూడా. రెండోది మావారికి వచ్చిన తరహా. భావప్రాప్తి సమయంలోనో, దానికి సరిగ్గా ముందో పిడుగు పడ్డట్టు వస్తుంది. ఆ క్షణాల్లో గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. కొందరిలో మెదడు రక్తనాళాలు ఆ మార్పుకు తగ్గట్టు సర్దుకోలేకపోవడమే కారణం కావచ్చని నిపుణుల అంచనా. జర్మనీలోని మ్యూన్‌స్టర్ డాక్టర్లు 51 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో 40 మందిది ఈ రెండో రకమే. మగవాళ్లు ఆడవాళ్లకు దాదాపు మూడు రెట్లు. ఇరవైల మొదట్లో కొందరికి, 35 నుంచి 44 ఏళ్ల మధ్య కొందరికి ఎక్కువగా మొదలైంది. మైగ్రేన్ ఉన్నవాళ్లూ, వ్యాయామం చేసినా తలనొప్పి వచ్చేవాళ్లూ వీళ్లలో గణనీయంగానే ఉన్నారు.

లోపల వేరే జబ్బేమీ లేకుండా వచ్చేదాన్ని 'ప్రైమరీ' అంటారు. తీవ్రమైన నొప్పి ఒక నిమిషం నుంచి ఒకరోజు దాకా ఉండొచ్చు. ఆ తర్వాత సన్నటి నొప్పి మూడు రోజుల దాకా లాగొచ్చు. చాలామందిలో కొన్ని వారాలో, నెలలో వరసగా వచ్చి దానంతటదే పోతుంది. బాధే తప్ప ప్రమాదం కాదు.

అయితే ఆ 'ప్రైమరీ' అనే ముద్ర వేయడానికి ముందు డాక్టర్లు మిగతావన్నీ లేవని తేల్చుకోవాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

బుడగ చిట్లితే..

మెదడుకు వెళ్లే రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. దాన్ని అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఇలాంటి బుడగ ఉంటుందని అంచనా. చాలామందికి అది ఉందని తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కానీ కొందరిలో చిట్లుతుంది. మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్యకు రక్తం చేరుతుంది. అది ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి. దాని మొదటి లక్షణం కూడా అచ్చం ఇదే.. పిడుగులాంటి తలనొప్పి, వాంతి, మెడ పట్టేయడం.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు ఇలా బుడగ చిట్లిన 250 మందిని 'దానికి ముందు ఏం చేస్తున్నారు?' అని అడిగారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. చిట్లడానికి దారితీసినట్టు తేలినవి ఎనిమిది. కాఫీ, కోలా, బాగా శ్రమపడే వ్యాయామం, ముక్కు గట్టిగా చీదడం, విరేచనానికి ముక్కడం, ఉలిక్కిపడటం, కోపం.. వాటితోపాటు దాంపత్యం. చూశారా, కోపం పక్కనే ప్రేమ కూడా ఉంది! ఇవేవీ బుడగను పుట్టించవు. అప్పటికే ఉన్న బుడగ మీద కాసేపు ఒత్తిడి పెంచుతాయి, అంతే. బుడగ పుట్టడానికీ చిట్లడానికీ దోహదం చేసేవి పొగతాగడం, అదుపులో లేని బీపీ, కుటుంబ చరిత్ర వంటివి.

అందుకే ఇలాంటి నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు 'పొద్దున చూద్దాంలే' అనుకోకూడదు. మొదటి ఆరు గంటల్లో తీసిన సీటీ స్కాన్‌లో ఈ రక్తస్రావం దాదాపుగా దొరికిపోతుంది. ఆలస్యమైన కొద్దీ ఆ పరీక్ష తప్పే అవకాశం పెరుగుతుంది. అప్పుడు వెన్ను నుంచి నీరు తీసి చూడాల్సి రావచ్చు. మెడ దగ్గర రక్తనాళం లోపలి పొర చీరినా ఇలాంటి తలనొప్పి రావచ్చు. కాబట్టి మెడ నాళాలనూ చూస్తారు.

పూసల దండ

మావారి స్కాన్లు బాగున్నాయన్నాం కదా. 'కొన్ని వారాలు దూరంగా ఉండండి. మళ్లీ ఎప్పుడు వచ్చినా, ఏం చేస్తుండగా వచ్చినా వెంటనే రండి' అని చెప్పి పంపించారు. ఆ రెండో మాటే మమ్మల్ని కాపాడింది. నాలుగోరోజు సాయంత్రం ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి స్టాండు మీద పెట్టబోతూ మావారు మళ్లీ తల పట్టుకుని కూలబడ్డారు. అదే పిడుగు.

ఈసారి డాక్టరుగారి మొహంలో రంగు మారింది. 'ప్రైమరీ అయితే ఆ ఒక్క సందర్భంలోనే రావాలి. బరువెత్తినా వచ్చిందంటే ఆలోచించాలి' అన్నారు. ఎమ్మారై యాంజియోగ్రామ్ తీశారు. తెర మీద చూపిస్తే నాక్కూడా తెలిసింది.. నునుపుగా ఉండాల్సిన నాళాలు అక్కడక్కడా నొక్కుకుపోయి, మధ్యలో ఉబ్బి, పూసల దండలా ఉన్నాయి. దాన్ని రివర్సిబుల్ సెరిబ్రల్ వాసోకన్‌స్ట్రిక్షన్ సిండ్రోమ్ అంటారట. పొడిగా ఆర్‌సీవీఎస్. మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా ముడుచుకుపోవడం. మొదటి రోజుల్లో స్కాన్లు మామూలుగానే ఉండి, తర్వాతే ఈ నొక్కులు కనిపించడం దీని స్వభావమని అప్పుడే విన్నాను. పిడుగు తలనొప్పి ఒకటి రెండు వారాల్లో పదేపదే రావడమూ దీని గుర్తే.

తైవాన్‌లో ఇలా దాంపత్య సమయంలో తలనొప్పి వచ్చి తలనొప్పుల క్లినిక్‌కి వెళ్లిన 30 మందిని జాగ్రత్తగా పరీక్షిస్తే 20 మందిలో లోపల వేరే కారణం దొరికిందని 2010లో ప్రచురించారు. ఆ ఇరవైలో 18 మందిది ఈ ఆర్‌సీవీఎస్సే. దీన్ని ఎక్కువగా చూసే డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్ల లెక్క ఇది, అందరికీ వర్తించదు. అయినా 'ఆ.. మామూలేలే' అని కొట్టిపారేయకూడదని మాత్రం చెబుతోంది. చాలామంది పూర్తిగా కోలుకుంటారు, నాళాలు మూడు నెలల్లో మామూలవుతాయి. కొద్దిమందిలో మాత్రం ఈ ముడుచుకుపోవడం వల్ల పక్షవాతమో, రక్తస్రావమో రావచ్చు.

'ఏమైనా మందులు వాడుతున్నారా?' అని డాక్టరుగారు అడిగితే మావారు 'ఏమీ లేవండీ' అన్నారు. ఆయన దృష్టిలో ముక్కులో వేసుకునే చుక్కలు మందు కాదు మరి! డస్ట్ ఎలర్జీకి నెలల తరబడి రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకుంటూనే ఉన్నారు. నా హ్యాండ్‌బ్యాగులోంచి ఆ సీసా తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక రాసి ఉన్నది చదివి, చెత్తబుట్టలో వేశారు. ముక్కు దిబ్బడ తగ్గించే మందులు రక్తనాళాలను ముడుస్తాయి. ముక్కులో ముడిస్తే దిబ్బడ పోతుంది. కొందరిలో ఆ ప్రభావం అక్కడితో ఆగదు. జలుబు మాత్రల్లోని కొన్ని పదార్థాలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, గంజాయి.. ఇవన్నీ ఆర్‌సీవీఎస్‌కి దారితీయవచ్చు. కాన్పయిన కొత్తలో ఆడవాళ్లకూ రావచ్చు. అలాగని డిప్రెషన్ మందులు వాడేవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్ని అడగాలి.

ఇంకో సంగతి. మగతనానికని వాడే సిల్డెనఫిల్ లాంటి మాత్రలకు తలనొప్పి సాధారణమైన దుష్ఫలితం. వాటిని దుకాణంలో అడిగి గుట్టుగా కొనుక్కుని, తలనొప్పి వచ్చినప్పుడు డాక్టరు దగ్గర దాచేవాళ్లున్నారు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వాటిని వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి ఇక్కడ గుట్టు ప్రాణాల మీదికే తెస్తుంది.

నొప్పి పోయింది.. భయం మిగిలింది

రక్తనాళాలను సడలించే మాత్రలు ఇచ్చారు. బరువులు ఎత్తొద్దన్నారు, ముక్కు చుక్కలు మానేయమన్నారు, దాంపత్యానికి కొన్నాళ్లు విరామం అన్నారు. ఆ తర్వాత నొప్పి మళ్లీ రాలేదు. మూడు నెలలకు తీసిన స్కాన్‌లో పూసల దండ మాయమై నాళాలు నునుపుగా ఉన్నాయి. 'ఇక మీరు మామూలుగా ఉండొచ్చు' అన్నారు డాక్టరుగారు.

మామూలుగా ఉండటం అంత తేలికేం కాదు. మావారు హాల్లో దివాన్ మీద పడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఏసీ పడట్లేదనేవారు. నాకేమో ఆ రాత్రి ఆయన తల పట్టుకున్న దృశ్యమే కళ్లముందు. నా వల్లే వచ్చిందా అన్న ఆలోచన.. అర్థం లేదని తెలిసినా పోయేది కాదు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఎప్పుడూ లేనంత మర్యాదగా మాట్లాడుకున్నాం ఆ రోజుల్లో. 'కాఫీ తాగుతారా?', 'నువ్వు తిన్నావా?'.. ఇంటికొచ్చిన చుట్టాల్లా! అత్తయ్య అన్నీ చూస్తూనే ఉన్నారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఒకరోజు వంటింట్లో చిక్కుళ్లు గిల్లుతూ 'ఏదైనా సరే, డాక్టరుకు దాచకండమ్మా' అన్నారు, తలెత్తకుండా. ఆవిడకు ఎంత తెలుసో నేనూ అడగలేదు.

తర్వాతి చెకప్‌లో మావారే నోరు విప్పారు. 'భయమేస్తోంది డాక్టర్' అని. టీవీ చూస్తున్నానని చెప్పిన మనిషే! డాక్టరుగారు ఆయన్ని గదిలోనే రెండు నిమిషాలు గుంజిళ్లు తీయించారు. 'నొప్పి వచ్చిందా? లేదు కదా. రోజూ నడవండి, మెల్లగా వేగం పెంచండి. మెట్లెక్కండి. ఒంటి మీద నమ్మకం వస్తే మిగతాదీ వస్తుంది' అన్నారు. నిజంగానే అలా వచ్చింది. ఓ ఆదివారం మధ్యాహ్నం దివాన్ మీది దిండు తనే తెచ్చి లోపల పెట్టారు. అంతకంటే రాయను.

లోపల జబ్బేమీ లేదని తేలినవాళ్లకూ వైద్యం ఉంది. పదేపదే వచ్చేవాళ్లకు ముందుగా వేసుకునే ఇండోమెథాసిన్, రోజూ వాడే ప్రొప్రనలాల్ వంటి మందులు ఇస్తుంటారు. అల్సర్ ఉన్నవాళ్లకు మొదటిది, ఆస్తమా ఉన్నవాళ్లకు రెండోది పడకపోవచ్చు. కాబట్టి చీటీ లేకుండా కొనుక్కోవద్దు. మెల్లగా పెరిగే రకం ఉన్నవాళ్లు మెడా దవడా బిగించకుండా చూసుకోవడం, నొప్పి మొదలవగానే ఆగిపోవడం చాలాసార్లు పనిచేస్తాయి.

అన్నట్టు, దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి కూడా ఒకటుంది. మ్యూన్‌స్టర్ డాక్టర్లే 2013లో మరో సర్వే ప్రచురించారు. మైగ్రేన్ నొప్పి ఉండగా భాగస్వామితో కలిసినవాళ్లలో నూటికి అరవై మంది నొప్పి తగ్గిందన్నారు. మూడోవంతు మంది మాత్రం పెరిగిందన్నారు. జోకులు రాసేవాళ్లు ఇకనుంచి ఎటువైపు రాస్తారో వాళ్లిష్టం!

ఎవరు వెంటనే వెళ్లాలి?

మొదటిసారి వచ్చినా, నిమిషంలోపే తారస్థాయికి చేరినా 108కి ఫోన్ చేయండి. మెడ పట్టేసినా, స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, చూపు రెండుగా కనిపించినా, మాట తడబడినా, కాలో చెయ్యో లాగేసినా ఒక్క క్షణం ఆగొద్దు. ఇంట్లో ఎవరికైనా మెదడులో రక్తనాళం చిట్లిన చరిత్ర ఉంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి. కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే నొప్పి అయితే అదీ చెప్పండి, మెదడు చుట్టూ ఉండే నీరు కారిపోతున్నప్పుడు అలా ఉంటుంది. వాడే ప్రతి మందూ.. చుక్కలు, స్ప్రేలు, చూర్ణాలు, పక్కింటివాళ్లిచ్చిన మాత్రలతో సహా ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.

మా పత్రికలో డాక్టర్లు జవాబులిచ్చే పేజీకి వచ్చే ఉత్తరాలు కొన్నాళ్లు నేనే చూశాను. అందులో ఒకావిడ రాసిన రెండు వాక్యాలు ఈ మధ్య పదేపదే గుర్తొస్తున్నాయి. 'ఆ సమయంలో తల పగిలిపోతుందండీ. మావారు సాకు అంటున్నారు.' ఊరు పేరు లేదు. జవాబు రాయడానికి చిరునామా కూడా లేదు. అమ్మా, ఇది మీరు చదువుతుంటే.. అది సాకు కాదు. దానికి పేరుంది, పరీక్షలున్నాయి, మందులున్నాయి. ఈ పేజీ మడిచి మీవారి చేతికివ్వండి. రేపు సోమవారం, ఇద్దరూ కలిసి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.